ఎవరి బిడ్డ అని అడగని గుమ్మం

మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది నేను కన్నది కాదు, మా అక్క కూతురు. అక్క పోయేనాటికి దానికి నాలుగేళ్ళు. అప్పటినుంచీ మా దగ్గరే పెరుగుతోంది. ఇంట్లో బుజ్జి అంటాం. నన్ను పిన్నీ అనే పిలుస్తుంది. అమ్మా అనమని నేనూ ఎప్పుడూ అడగలేదు.

దానికి పదేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో అందరం కలిసి ఒక వినోదాల పార్కుకు వెళ్ళాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి వెళ్తే ఫ్యామిలీ టికెట్ చవగ్గా వస్తుందని బోర్డు మీద రాసి ఉంది. కౌంటర్లో కుర్రాడు ఆధార్ కార్డులు అడిగాడు. తిప్పి తిప్పి చూసి, "ఈ పాప ఇంటిపేరు వేరే ఉందేంటి మేడం? తండ్రి పేరు కూడా వేరే. మీ ఫ్యామిలీ కిందకి రాదు" అన్నాడు. అతని తప్పేముంది, అతనికి చెప్పిన రూలు అది. నేను ఏదో సర్దిచెప్పబోతుంటే వెనకనుంచి బుజ్జి నా చెయ్యి పట్టుకుని, "నేను బయట కూచుంటాలే పిన్నీ, మీరు వెళ్ళి రండి" అంది.

విడిగా టికెట్ కొని లోపలికి వెళ్ళాం. ఆ డబ్బు పెద్ద లెక్కలోది కాదు. కానీ ఆ పూటంతా అది జెయింట్ వీల్ ఎక్కినా, ఐస్‌క్రీం తిన్నా, మా ముగ్గురికీ ఒక అడుగు ఎడంగానే నడిచింది.

తర్వాత రెండు వారాలకు అమరావతి వెళ్ళాం. గుడి చూసుకుని మ్యూజియం దగ్గరకు వచ్చాం. నేను సంచీలో ఆధార్ కార్డులు వెతుక్కుంటుంటే గేటు దగ్గర పెద్దాయన పిల్లల్ని ఒకసారి చూసి, "పిల్లలకు టికెట్ లేదమ్మా, పెద్దోళ్ళకే" అన్నాడు. అంతే. పేర్లు అడగలేదు, కార్డు చూడలేదు. బుజ్జి అందరికంటే ముందు లోపలికి పరిగెత్తింది.

ఆ రోజునుంచి ఈ గుమ్మాల సంగతి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఎక్కడ ఎవరిని ఊరికే రానిస్తారు, ఎవరిని కాగితం అడుగుతారు, పెంచుకున్న పిల్లల విషయంలో మన దగ్గర ఏం జరుగుతూ వచ్చింది అని దొరికిందల్లా చదువుతూ వచ్చాను. మీలో కూడా చెల్లెలి బిడ్డనో, మరిది బిడ్డనో, మనవడినో పెంచుతున్నవాళ్ళు చాలామంది ఉంటారని తెలుసు. అందుకే ఇది మీకోసం రాస్తున్నాను.

కొన్ని దేశాల్లో తల్లిదండ్రుల దగ్గర ఉండలేని పిల్లల్ని ప్రభుత్వమే వేరే కుటుంబానికి అప్పగిస్తుంది. అలా పెంచే కుటుంబాలకు మ్యూజియాలు, పార్కులు తలుపులు తెరుస్తాయి. బ్రిటన్‌లో మ్యాక్స్ కార్డ్ అని ఒకటి ఉంది. దాన్ని చూపిస్తే చాలాచోట్ల టికెట్ తగ్గిస్తారు, కొన్నిచోట్ల ఊరికే రానిస్తారు. అమెరికాలో ఆరెగాన్, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు ఇలాంటి కుటుంబాలకు తమ రాష్ట్ర పార్కుల్లో రుసుములు మినహాయిస్తాయి. ఆలోచన మంచిదే. పెంచేవాళ్ళ ఖర్చు తగ్గుతుంది, పిల్లకు ఇంట్లోవాళ్ళతో కలిసి బయటకు వెళ్ళిన జ్ఞాపకం మిగులుతుంది. మొదట చదివినప్పుడు, ఇలాంటి కార్డు మనకూ ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పిల్లలు ఎలా పెరుగుతూ వచ్చారో చూసుకుంటూ వెళ్ళాక ఆ అభిప్రాయం కొంచెం మారింది.

ఈ నేల మీద పరాయి బిడ్డను పెంచడం కొత్త సంగతేమీ కాదు. 1832-33లో, నందన సంవత్సరంలో, గుంటూరు సీమను పెద్ద కరువు పట్టింది. డొక్కల కరువని మన పెద్దవాళ్ళు చెప్పుకునేది దాన్నే. జనంలో మూడోవంతు దాకా పోయారంటారు. అంతమంది పెద్దవాళ్ళు పోయిన చోట మిగిలిన పిల్లలు ఎవరో ఒకరి గడపలో పెరిగి ఉండాలి. ఆ గడపల పేర్లు ఏ రికార్డుల్లోనూ ఉండవు. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచేసింది. ఇటు రేపల్లె తీరాన్నీ వదల్లేదు. మా చిన్నప్పుడు పల్లెల్లో "ఉప్పెన పిల్లాడు" అంటే అందరికీ అర్థమయ్యేది. 2000 తర్వాత ఎయిడ్స్ మన రెండు జిల్లాల్లోనూ ఎన్నో ఇళ్ళను ఖాళీ చేసింది. అప్పుడు అమ్మమ్మలు, నాయనమ్మలు మళ్ళీ తల్లులయ్యారు. 2021లో కరోనా రెండో అలలో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లలకు పది లక్షల రూపాయల నిధి ప్రకటించారు గానీ, రాత్రిపూట భయపడి లేచిన పిల్లను జోకొట్టింది మాత్రం ఏ పిన్నో, ఏ మేనత్తో.

ఇంత పెంపకం జరిగినా చట్టం దాన్ని చాలా ఆలస్యంగా చూసింది. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1920లో, మద్రాసు బాలల చట్టం వచ్చింది. దిక్కులేని పిల్లను బంధువుకో, తగిన మనిషికో అప్పగించే అధికారం కోర్టుకు ఇచ్చిందది. 'తగిన మనిషి' అనే మాట చూడండి, పెంచినవాళ్ళకు చట్టం పెట్టిన మొదటి పేర్లలో అదొకటి. దత్తత దారి వేరు. పాత హిందూ ధర్మశాస్త్రం ప్రకారం దత్తత అంటే సాధారణంగా మగపిల్లాడినే. కర్మ చేయడానికి, ఆస్తి నిలబడడానికి. ఆడపిల్లను తెచ్చుకుంటే పెంచుకున్నారనేవాళ్ళే తప్ప, దత్తత అనేవాళ్ళు కాదు. 1956లో వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టంతో ఆడపిల్లను కూడా దత్తత తీసుకోవచ్చన్నారు. పెళ్ళికానివాళ్ళు, భర్త పోయినవాళ్ళు కూడా సొంతంగా తీసుకోవచ్చన్నారు. మరి కాపురం చేసుకుంటున్న ఆడది? భర్త తీసుకుంటే ఆమె సమ్మతి అడుగుతారు, అంతే. భర్త సమ్మతితో ఆమె తన పేరున దత్తత తీసుకునే హక్కు 2010లో గానీ రాలేదు. అంటే మనలో చాలామందికి పెళ్ళయ్యేనాటికి ఆ హక్కు లేదన్నమాట.

ఇప్పుడున్నది 2015 నాటి బాలల న్యాయ చట్టం. అందులో 44వ సెక్షన్ పెంపుడు కుటుంబాల గురించి చెబుతుంది. జిల్లాలో ఉండే బాలల సంక్షేమ కమిటీ కుటుంబాన్ని ఎంచి, తగినదని తేల్చుకుని, పిల్లను అప్పగిస్తుంది. మధ్యమధ్య వచ్చి చూసుకుంటుంది. 2024లో మార్గదర్శకాలు మార్చి, ఒంటరిగా ఉన్న 35 నుంచి 60 ఏళ్ళ వాళ్ళు కూడా పిల్లను పెంచుకోవచ్చన్నారు. రెండేళ్ళు పెంచాక దత్తత కోరవచ్చన్నారు. ఇంతకుముందు దానికి ఐదేళ్ళు ఆగాల్సి వచ్చేది. బంధువుల దగ్గర పెరుగుతున్న అనాథ పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4000 రూపాయల సాయం ఉంది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే జిల్లా బాలల సంరక్షణ అధికారి ఆఫీసులో గానీ, అంగన్‌వాడీలో గానీ అడగమని చెప్పండి.

ఇక్కడే నాకో సంగతి అర్థమైంది. కమిటీ ద్వారా వచ్చిన కుటుంబానికి కాగితం ఉంటుంది. మా ఇంటికి ఏ కాగితమూ లేదు. అక్క పోయిన పదకొండో రోజున మా అమ్మ బుజ్జిని తెచ్చి నా ఒళ్ళో కూచోబెట్టింది. మాకు అదే ఉత్తర్వు. మన పల్లెల్లో పెరుగుతున్న ఇలాంటి పిల్లల్లో చాలామంది సంగతి ఇంతే. రేపు పెంపుడు కుటుంబాలకు ఉచిత ప్రవేశం అని ఒక కార్డు పెడితే, అసలు పెంచుతున్న అమ్మమ్మల చేతిలో ఆ కార్డు ఉండదు. కార్డు ఉన్న పిల్ల ప్రతి గుమ్మం దగ్గరా "మేం పెంపుడు వాళ్ళం" అని చూపించుకోవాలి. అమరావతి గేటు దగ్గర పెద్దాయన అన్న మాట విలువ అప్పుడు తెలిసొచ్చింది నాకు. కేంద్ర పురావస్తు శాఖ టికెట్ పెట్టిన చోట్ల 15 ఏళ్ళలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. అమరావతి మ్యూజియంలోనూ, ఉండవల్లి గుహల్లోనూ, నాగార్జునకొండ మ్యూజియంలోనూ అంతే. కన్నబిడ్డా, పెంచినబిడ్డా, దారిన పోయే బిడ్డా అన్న తేడా లేదు. పిల్ల అయితే చాలు.

ఆ గేటు లోపల ఏముందో చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. సిద్ధార్థుడు పుట్టిన ఏడో రోజునే తల్లి మాయాదేవి చనిపోయింది. పెంచింది ఎవరో తెలుసా? మాయాదేవి చెల్లెలు మహాప్రజాపతి గౌతమి. అంటే పిన్ని! తనకు పుట్టిన నందుణ్ణి దాదులకు ఇచ్చి, అక్క కొడుక్కి తన పాలు పట్టిందని బౌద్ధ కథలు చెబుతాయి. మన కృష్ణ ఒడ్డున రెండు వేల ఏళ్ళ కింద ఇంత పెద్ద స్తూపం కట్టించుకున్నది ఒక పిన్ని పెంచిన బిడ్డ పేరు మీద అన్నమాట.

అమరావతి శిల్పాల్లో ఒక రాయి ఉంది. మాయాదేవి కల, ఆ కల గురించి పండితులు చెప్పడం, బిడ్డ పుట్టడం, బిడ్డను దేవత ముందుకు తీసుకెళ్ళడం, ఈ నాలుగూ ఒకే పలక మీద చెక్కారు. అందులో ఆడవాళ్ళు కనిపిస్తారు, చేతుల్లో పరిచిన గుడ్డ కనిపిస్తుంది, బిడ్డ మాత్రం కనిపించడు. గుడ్డ మీద చిన్న చిన్న పాదాల గుర్తులు ఉంటాయి. ఆ రాయి ఇప్పుడు మన దగ్గర లేదు, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో ఊరు కట్టిస్తున్నప్పుడు ఆ దిబ్బలో ఇటుకలు, రాళ్ళు బయటపడ్డాయి. కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్ళను మద్రాసు పంపాడు. వాటిలో చాలా 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. కొన్ని మద్రాసు మ్యూజియంలోనే ఉండిపోయాయి. మిగిలినవి అమరావతిలో ఉన్నాయి. ఒక తల్లి పిల్లలు మూడిళ్ళలో పెరుగుతున్నట్టే కదా! బ్రిటిష్ మ్యూజియంలో ఆ రాళ్ళు చూడడానికి టికెట్ లేదు, ఎవరైనా వెళ్ళొచ్చు. కాకపోతే మనం అక్కడిదాకా వెళ్ళాలి.

గౌతమి కథలో నన్ను పట్టుకున్నది తర్వాతి ముచ్చట. భర్త శుద్ధోదనుడు పోయాక ఆమె సంఘంలో చేరతానని బుద్ధుణ్ణి అడిగింది. ఆడవాళ్ళకు ప్రవేశం లేదన్నాడాయన. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ వద్దన్నాడు. ఆమె జుట్టు కత్తిరించుకుని, కాషాయం కట్టుకుని, తనలాంటి ఆడవాళ్ళను వెంటేసుకుని కపిలవస్తు నుంచి వైశాలి దాకా కాలినడకన వెళ్ళింది. కాళ్ళు వాచిపోయి, ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుని, గుమ్మం బయట ఏడుస్తూ నిలబడింది. ఆనందుడు చూసి కదిలిపోయి బుద్ధుడి దగ్గరకు వెళ్ళి అడిగాడు. అప్పుడూ కుదరదన్నాడు. చివరికి ఆనందుడు, ఆమె మీకు పిన్ని, తల్లి పోయాక పాలిచ్చి పెంచింది కదా అని గుర్తుచేశాడు. అప్పుడు గానీ, అదీ ఎనిమిది షరతులతో గానీ, ఆ తలుపు తెరుచుకోలేదు. పెంచిన తల్లిని గుమ్మం బయట నిలబెట్టడం ఆనాటినుంచే ఉందన్నమాట. తలుపు తీయించిన మాట కూడా ఆమె పెంపకమే.

ఆ తలుపు తెరుచుకున్నాక ఆడవాళ్ళు ఊరుకోలేదు. అమరావతి రాళ్ళ మీద దానాలు ఇచ్చినవాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి. వాటిలో భిక్షుణుల పేర్లూ, గృహిణుల పేర్లూ బోలెడు. విధికుడు అనే తోళ్ళ పనివాడు కలశం చెక్కిన పలక ఇచ్చాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఇచ్చానని రాయించుకున్నాడు. అది చదివి నాకు నవ్వొచ్చింది. అతని ఫ్యామిలీ టికెట్‌లో స్నేహితులు కూడా ఉన్నారు! నాగార్జునకొండలో మూడో శతాబ్దంలో మహాచైత్యాన్ని కట్టించిన చాంతిశ్రీ ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి మేనత్త. ఉపాసిక బోధిశ్రీ తను కట్టించినవాటి పుణ్యంలో భాగం ఇస్తూ బంధువుల పేర్లు వరసగా చెక్కించింది. ఆ కాలపు రాజులు గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు అని తల్లి పుట్టింటి గోత్రం చెప్పుకుని గర్వపడ్డారు. ఈ నేల మీద ఒకప్పుడు రాజును ఎవరి బిడ్డవయ్యా అంటే తల్లి వైపు చెప్పేవాడు. ఇప్పుడు కౌంటర్లో తండ్రి పేరు కలవలేదని పదేళ్ళ పిల్లను పక్కకు నిలబెడుతున్నాం.

అయితే పిల్లకు టికెట్ లేనంత మాత్రాన అన్నీ అయిపోయినట్టు కాదు. మా ఊరు ప్రత్తిపాడు వైపు. పత్తి తీతలు, ఆ తర్వాత మిరప కోతలు, ఆ తర్వాత గుంటూరులో కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పని. మనవణ్ణి పెంచుతున్న ముసలమ్మకు ఒకరోజు మ్యూజియంకు వెళ్ళడమంటే ఒకరోజు కూలి పోవడం. బస్సు సంగతి కొంత మేలైంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకూ ఆడపిల్లలకూ టికెట్ లేదు. గుంటూరు నుంచి లాం మీదుగా అమరావతికి అమ్మమ్మా మనవరాలూ ఆధార్ చూపించి ఊరికే వెళ్ళిరావచ్చు. మనవడైతే పన్నెండేళ్ళ దాకా అర టికెట్, ఆపైన నిండు టికెట్. నాగార్జునకొండ మ్యూజియం పిల్లలకు ఉచితమే గానీ అది నీటి మధ్యలో ఉంది. 1955లో శంకుస్థాపన చేసిన సాగర్ డ్యాం నీళ్ళలో ఆ లోయంతా మునిగిపోతుందని, దొరికినవాటిని కొండ మీదకు చేర్చి మ్యూజియం పెట్టారు. అక్కడికి పడవెక్కాలి, పడవకు టికెట్ ఉంది. ఉచితం అన్న మాట గేటు దగ్గర మొదలైతే, ఖర్చు మన ఇంటి గడప దగ్గరే మొదలవుతుంది.

అందుకే నన్నడిగితే మనకు కావలసింది పిల్ల మెడలో వేసే కార్డు కాదు. పిల్లలందరికీ తెరిచిన గేటు అలాగే ఉండాలి. వినోదాల పార్కులు కూడా ఫ్యామిలీ అంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు అని మనుషుల్ని లెక్కపెట్టుకోవాలి గానీ ఇంటిపేర్లను కాదు. పిల్లతో పాటు వచ్చిన ఒక పెద్దమనిషికి, కన్నవాళ్ళయినా పెంచినవాళ్ళయినా, ఏడాదికి ఒక్కసారైనా టికెట్ తీసేస్తే బాగుంటుంది. పడవలో పిల్లలకు రాయితీ పెంచితే ఇంకా బాగుంటుంది. ఇవేమీ పెద్ద కోరికలు కావు.

ఈలోపు మనం చేయగలిగింది మనం చేద్దాం. శుక్రవారం అమరావతి, నాగార్జునకొండ మ్యూజియాలకు సెలవు, ఆ రోజు పెట్టుకోకండి. ఈమధ్య ఏటా ఏప్రిల్ 18న, ప్రపంచ వారసత్వ దినం రోజున, పురావస్తు శాఖ తన కట్టడాల దగ్గర అందరికీ టికెట్ తీసేస్తోంది. ముందుగా ఒకసారి కనుక్కుని వెళ్ళండి. మీ వీధిలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్ల ఉంటే మీ పిల్లలతో పాటు తీసుకెళ్ళండి. అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు.

మొన్న దసరా సెలవుల్లో మళ్ళీ అమరావతి వెళ్ళాం. బుజ్జికి పదహారు నిండాయి. ఈసారి మావారు రాలేదు, మేం ముగ్గురమే. గేటు దగ్గర నేను పర్సు తీస్తుంటే అది నన్ను ఆపింది. ఇంటర్‌లో చేరినప్పుడు వాళ్ళ తాతయ్య ఇచ్చిన డబ్బులు దాచుకుందట. "రెండు పెద్దవాళ్ళవి ఇవ్వండి. మా చెల్లికి టికెట్ ఉండదు కదా" అంది కిటికీలోకి. లోపల కుర్రాడు మాట్లాడకుండా రెండు చింపి ఇచ్చాడు.

ఒకటి నాకిచ్చి, చెల్లి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ టికెట్ ముక్క ఇంకా నా పర్సులోనే ఉంది.